దెయ్యం చెప్పిన సాక్ష్యం

(సినిమా ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ఇప్పుడే అకిరా కురోసావా తీసిన జపాన్ సినిమా ‘రషోమాన్’ చూశాం. లైట్లు వేశాక కూడా కాసేపు ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. నాకు చాలా సంతోషమనిపించింది. అయితే నన్ను మాట్లాడమన్న విషయం వేరే. డిటెక్టివ్ కథనీ దెయ్యం కథనీ ఒకే సినిమాలో కలిపితే ఏమవుతుంది, అదీ విషయం. మరి దానికి ఈ సినిమా ఎందుకు వేయించారండీ, ఇందులో దెయ్యం ఎక్కడుంది అని ఇందాక ఒకరిద్దరు అడిగారు.

ఉంది కదా! సినిమా సగం దాటాక, హత్యకు గురైన సమురాయి, అంటే ఆ జపాన్ యోధుడు, స్వయంగా వచ్చి వాంగ్మూలం ఇస్తాడు. ఒక ఆడమనిషికి పూనకం వస్తుంది. ఆమె తెల్లబట్టలు గాలికి కొట్టుకుంటుంటాయి. నోరు ఆమెదే, గొంతు మాత్రం మగగొంతు. దొంగ చెప్పింది విన్నట్టే, సమురాయి భార్య చెప్పింది విన్నట్టే ఆ విచారణలో దీన్నీ వింటారు. పక్కన కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా ‘ఇదేంటి, చచ్చినవాడు మాట్లాడతాడా’ అనరు.

హత్యకేసులో హతుణ్నే సాక్షిగా పిలిచారన్నమాట. ఇంతకన్నా సులువైన దర్యాప్తు ఉంటుందా? నిన్ను ఎవరు చంపారయ్యా అని అడిగితే సరిపోవాలి. సరిపోయిందా? లేదు. ఎందుకు సరిపోలేదో చెప్పడానికి చివర్లో మళ్లీ ఇక్కడికే వస్తాను. ఈలోపు కొన్ని వేరే సినిమాల్లోకి వెళ్లొద్దాం. ముందే చెప్తున్నాను, ముగింపులు దాచను. హంతకుడెవరో చెప్పకుండా ఈ సినిమాల గురించి మాట్లాడాలంటే పాటల గురించీ లొకేషన్ల గురించీ మాట్లాడుకుని ఇంటికి పోవాల్సిందే. చూడని సినిమా పేరు వినబడితే చెవులు మూసుకోండి, నేనేమీ అనుకోను.

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. వాటిలో రెండోది, కథలోకి అతీంద్రియ శక్తులేవీ రాకూడదు అని. ఆయన స్వయంగా డిటెక్టివ్ నవలలు రాసినవాడు. వృత్తికి మాత్రం క్యాథలిక్ ఫాదర్. దేవుడున్నాడు, ఆత్మ ఉంది, చావు తర్వాత లోకం ఉంది అని నమ్మి, నలుగురికీ చెప్పే మనిషి. అలాంటి మనిషి ఆత్మని కథ గడప తొక్కనివ్వద్దన్నాడు. ఎందుకన్నాడు? పాఠకుడికి అన్యాయం జరుగుతుందని. లోపల గడియ పెట్టిన గదిలో శవం ఉంది. హంతకుడు ఎలా వచ్చాడు, ఎలా పోయాడు అని మనం రెండొందల పేజీలు బుర్ర బద్దలు కొట్టుకుంటాం. చివరికి ‘గోడలోంచి వచ్చింది, దెయ్యం కదా’ అంటే మనకెలా ఉంటుంది? మోసపోయినట్టు ఉండదూ?

షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన కానన్ డాయిల్ సంగతి ఇంకా విచిత్రం. చనిపోయినవాళ్లతో మాట్లాడొచ్చని ఆయన గట్టిగా నమ్మాడు. దేశాలు తిరిగి దానిమీద ఉపన్యాసాలిచ్చాడు. హోమ్స్ కథల్లోకి మాత్రం ఒక్క నిజమైన దెయ్యాన్నీ రానివ్వలేదు. 1901లో ధారావాహికగా మొదలైన బాస్కర్‌విల్స్ వేటకుక్క కథలో నిప్పులు కక్కే కుక్క వస్తుంది. ఒక వంశాన్నే పట్టి పీడిస్తున్న శాపం అంటారు. తీరా చూస్తే దాని మూతికి పూసింది భాస్వరం. ఆస్తి కోసం ఒక మనిషి చేసిన పని.

నాక్స్ భయం నాకు బాగా అర్థమవుతుంది. డిటెక్టివ్ కథ మనకి ఒక మాట ఇస్తుంది. కళ్లు తెరుచుకుని చూస్తే నీకూ దొరుకుతుంది అంటుంది. దెయ్యం కథ, ఎంత చూసినా నీకు అందనిది ఒకటుంది అంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు. మరి ఇన్నేళ్లుగా ఇన్ని భాషల్లో సినిమావాళ్లు ఈ రెంటినీ ఎందుకు కలుపుతూనే ఉన్నారు?

మన భాషలోనే దానికి జవాబుంది అనుకుంటాను. ‘దుర్మరణం’ అనే మాట ఉంది కదా. మన పెద్దవాళ్లు ఏమంటారు? నిండు నూరేళ్లూ బతికి పోయినవాడు దెయ్యమవడు, దుర్మరణం పాలైనవాడే దెయ్యమవుతాడు అంటారు. పోలీసులు ఎప్పుడొస్తారు? వాళ్లూ దుర్మరణానికే వస్తారు. మంచంమీద ప్రశాంతంగా పోయిన ముసలాయన దగ్గరికి డిటెక్టివ్‌కీ పనిలేదు, దెయ్యానికీ పనిలేదు. రెండు కథలూ ఒకే శవం దగ్గర మొదలవుతాయి. ఏదో తేలలేదు, ఎవరో తప్పించుకున్నారు. అది తేల్చడానికి బతికున్నవాడు వస్తే డిటెక్టివ్ కథ. చచ్చినవాడే వస్తే దెయ్యం కథ. నన్నడిగితే, ఈ రెండూ కలిసిన సినిమాల్లో దెయ్యమంటే సరిగ్గా దర్యాప్తు చేయకుండా మూసేసిన కేసు. ఈ ఒక్క మాట పట్టుకుని మిగతావన్నీ చూద్దాం.

ముందు దొంగ దెయ్యాలు. మన దేశంలో ఈ రకం సినిమా చాలాకాలం దొంగ దెయ్యాలతోనే నడిచింది. 1949లో కమాల్ అమ్రోహీ తీసిన ‘మహల్’ గుర్తుందా? మధుబాల. ‘ఆయేగా ఆనేవాలా’ పాట గొంతులోంచి కాకుండా గోడల్లోంచి వస్తున్నట్టుంటుంది. అశోక్ కుమార్ ఆమె దెయ్యమనే నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. చివరికి ఆ దెయ్యం ఎక్కడ బయటపడుతుందో తెలుసా? కోర్టులో. హత్యకేసు విచారణలో ఆమె వచ్చి, నేను తోటమాలి కూతుర్ని, దెయ్యంలా నటించాను అని చెప్తుంది. 1962లో వచ్చిన ‘బీస్ సాల్ బాద్’కి ఆ వేటకుక్క కథే ఎముకల గూడు. 1964లో ‘వో కౌన్ థీ’ వచ్చింది, అందులోనూ తెల్లచీర, వాన, చివర్లో కుట్ర. మనవైపు 2014లో వచ్చిన ‘కార్తికేయ’లో మూసేసిన గుడి, దాని జోలికి పోయినవాళ్లంతా పాముకాటుతో పోవడం, అక్కడికి ఆరా తియ్యడానికి వచ్చిన ఒక మెడికల్ స్టూడెంట్. అదీ ఈ దారిలోదే.

ఇవి నాకు ఇష్టమే. కానీ వీటిలో ఒక చిక్కుంది. చివరి పది నిమిషాల్లో ఎవరో ఒకరు నిలబడి అంతా విడమరిచి చెప్తారు. చెప్తున్నకొద్దీ మనలో భయం కారిపోతుంది. రెండు గంటలు గుండె చేతిలో పెట్టుకుని కూర్చున్నది ఈ వైరూ ఈ టేప్‌రికార్డరూ చూడటానికా అనిపిస్తుంది. అందుకే ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పాటల కోసమే చూస్తారు.

ఈ చిక్కుని విప్పిన సినిమా ఒకటుంది. మీ అందరికీ తెలిసిందే. ‘చంద్రముఖి’ చూడనివాళ్లు చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు! దాని మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళ సినిమా ‘మణిచిత్రతాళు’, మధు ముట్టం రాసిన కథ. శోభనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కన్నడం, తమిళం, హిందీ, బెంగాలీ, ఎన్ని భాషల్లోకి వెళ్లిందో. హిందీలో తీసిన ప్రియదర్శన్, మూలానికి రెండో యూనిట్‌లో పనిచేసిన దర్శకుల్లో ఒకరు.

పైకి చూస్తే ఇదీ దొంగ దెయ్యమే. దెయ్యం లేదు, అది కథానాయిక గంగ మనసుకి వచ్చిన జబ్బు. మరి అన్నీ తెలిశాక కూడా మనకి భయం ఎందుకు పోదు? చూడండి, ఇక్కడ దెయ్యంలా నటిస్తున్నవాళ్లు ఎవరూ లేరు. గంగ ఎవర్నీ మోసం చెయ్యట్లేదు. ఆమె సంగతి తేల్చడానికి వచ్చిన మానసిక డాక్టరుకి జవాబు దొరుకుతుంది, కానీ ఆ జవాబు దెయ్యంకన్నా భయంగా ఉంటుంది. పక్కన పడుకున్న మనిషిలోనే ఇంకొకరు ఉన్నారు! డాక్టరు పనిచేసే తీరు అచ్చం డిటెక్టివ్ తీరే. ఎప్పుడు ఎవరెక్కడున్నారు, చీర అంటుకున్నప్పుడు దగ్గర్లో ఎవరున్నారు అని లెక్కలు కడతాడు. అందరూ ఇంకో అమ్మాయిని అనుమానిస్తుంటే, అనుమానించనిస్తాడు. డిటెక్టివ్ నవలల్లో తప్పుదారి పట్టించే క్లూ ఉంటుందే, ఆ పని ఇక్కడ ఒక పాత్రకి అప్పజెప్పారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం ఏంటో తెలుసా? భాష. గంగ తననే అనుకునే ఆ చనిపోయిన నర్తకి, మూలంలో తంజావూరు నుంచి వచ్చింది, కాబట్టి మలయాళ సినిమాలో దెయ్యం తమిళం మాట్లాడుతుంది. 2005లో పి. వాసు తమిళంలో తీసినప్పుడు మరి దెయ్యం తమిళం మాట్లాడితే ఏం తేడా తెలుస్తుంది? అందుకని నర్తకిని తెలుగుదాన్ని చేశారు. తమిళ సినిమాలో ‘రారా’ అని తెలుగు పాట. ఇప్పుడు అది మనకి డబ్బింగై వచ్చింది. మనకి తెలుగు పాట పెడితే మళ్లీ ఆ తేడా పోతుంది కదా! ఏం చేశారు? మన డబ్బింగులో అదే పాటని ‘వారాయ్’ అని తమిళంలో ఉంచారు. గుర్తొచ్చిందా? అప్పట్లో ఇదేంటి, పాటొక్కటి తమిళంలో వదిలేశారు అనుకున్నవాళ్లు ఉన్నారు. వదిలెయ్యలేదు, కావాలనే ఉంచారు. ఆ మనిషి నోట్లోంచి తనది కాని భాష రావాలి. అది వేలిముద్రలాంటి ఆధారం. డబ్బింగు చేసినవాళ్లు దాన్ని చెరిపెయ్యకుండా కాపాడారు. దాన్ని గమనించిన రోజు నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

క్లైమాక్స్ సంగతి కూడా చూడండి. మానసిక వైద్యుడూ మంత్రవాదీ కలిసి పనిచేస్తారు. ఒకరు ఇంకొకర్ని తక్కువ చెయ్యరు. ఆ నర్తకికి కావల్సింది తనని చంపినవాడి చావు, కాబట్టి ఒక బొమ్మని పెట్టి ఆ చావు చావనిస్తారు. అంటే నూరేళ్ల క్రితం జరిగిన హత్యకి ఎవరూ వెయ్యని శిక్ష ఆ రాత్రి వేస్తారు. మూసేసిన కేసు అన్నానే, ఇదే. ఆ మూసేసిన గది తలుపు, దానికి వేసిన తాళం, అవే ఆ కేసు ఫైలు.

సరే, ఇక నిజం దెయ్యాల దగ్గరికి వద్దాం. అసలు కష్టం ఇక్కడే.

2012లో ‘తలాష్’ వచ్చినప్పుడు నేను హాల్లో చూశాను. రీమా కాగ్తీ సినిమా. ఒక సినిమా హీరో కారు అర్ధరాత్రి ఖాళీ రోడ్డుమీద ఉన్నట్టుండి పక్కకి తిరిగి సముద్రంలో పడుతుంది. ఆమిర్ ఖాన్ వేసిన ఇన్‌స్పెక్టర్ దర్యాప్తు చేస్తుంటాడు. రోజీ అనే వేశ్య, కరీనా కపూర్, అప్పుడప్పుడూ కలిసి ఆచూకీలు చెప్తుంటుంది. చివర్లో తెలుస్తుంది, రోజీ చనిపోయి మూడేళ్లయింది. ఆ క్షణంలో నా వెనక వరుసలో ఒకాయన ‘ఇంతసేపు కూర్చోబెట్టి దెయ్యమంటాడేంటి’ అని గట్టిగానే అన్నాడు. హాల్లో చాలామంది ఆయనతో ఏకీభవించినట్టే అనిపించింది. నాక్స్ ఉంటే ఆయన పక్కనే కూర్చునేవాడు.

నేను కూడా ఆ రోజు కొంత చిరాకు పడ్డాను. ఇంటికెళ్లాక ఆలోచిస్తే చిరాకు పోయింది. ఎందుకో చెప్తాను. ఆ కేసులో దెయ్యం మన దగ్గర్నుంచి లాక్కున్నది ఎన్ని జవాబులు? ఒక్కటే. కారు ఎందుకు తిరిగింది, అంతే. మిగతావన్నీ ఇన్‌స్పెక్టర్ మామూలు పోలీసు పద్ధతిలోనే కనుక్కుంటాడు. బ్లాక్‌మెయిల్ ఎవరు చేస్తున్నారు, ఎందుకు, మూడేళ్ల క్రితం ఆ కారులో ఎవరెవరున్నారు, కిందపడిన మనిషిని రోడ్డుమీద వదిలేసి ఎవరు పోయారు. ఇవన్నీ మనుషులు చేసినవి, మనుషుల పద్ధతిలోనే దొరికాయి. ఆధారం కూడా మన ముందే ఉంచారు. సినిమా రెండోసారి చూడండి, రోజీ ఇన్‌స్పెక్టర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. మనం చూస్తూ కూడా చూడలేదు.

ఎందుకు చూడలేదు? ఇది కొంచెం మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న. ఆమెని ఎవరూ పలకరించకపోతే మనకి వింతగా అనిపించలేదు. వేశ్య కదా, ఎవరు పలకరిస్తారు అని మనసులో ఎక్కడో అనుకున్నాం. ఆమె కనబడకుండా పోయినప్పుడు ఎవరూ కంప్లైంటు ఇవ్వలేదు, అదీ మనకి వింతగా లేదు. బతికున్నప్పుడే ఎవరికీ కనబడని మనిషి. ఇన్‌స్పెక్టర్ చివరికి మట్టి తవ్వించి, ఆ ఎముకలకి అంత్యక్రియలు చేస్తాడు. ఆ కేసులో ఫిర్యాదుదారూ ఆమే, సాక్షీ ఆమే, హతురాలూ ఆమే. ఇంకెవరూ రాలేదు కాబట్టి ఆమే రావాల్సి వచ్చింది.

‘యూ టర్న్’ కూడా నాకు ఇలాగే అనిపిస్తుంది. పవన్ కుమార్ 2016లో కన్నడంలో తీశాడు, 2018లో సమంతతో తెలుగులోనూ తనే తీశాడు. దానిలో దర్యాప్తు ఒక నోట్‌బుక్కుతో మొదలవుతుంది. ఫ్లైఓవర్ మీద డివైడర్ రాళ్లు జరిపి అడ్డదిడ్డంగా తిరిగేవాళ్ల బండి నంబర్లు ఒక మనిషి పత్రికలో పనిచేసే ఒక అమ్మాయికి రాసిస్తుంటాడు. ఆమె పత్రికలో వార్త కోసం ఒకరి ఇంటికి వెళ్తుంది. అదే రోజు అతను చచ్చిపడి ఉంటాడు. పోలీసులు ఆ నోట్‌బుక్కు తిరగేస్తే, అందులో ఉన్న నంబర్లవాళ్లు అందరూ పోయారు. అందరూ రాళ్లు జరిపిన రోజునే. ఎంత మామూలు వస్తువు చూడండి, నోట్‌బుక్కు! దెయ్యం సినిమాలో నన్ను అంతగా భయపెట్టిన వస్తువు ఇంకోటి లేదు. చంపుతున్నది నిజంగానే దెయ్యం. ఎవరో జరిపి వదిలేసిన రాయి వల్ల చనిపోయిన తల్లి. ఆమె కూడా దర్యాప్తే చేస్తోంది! ఆ రోజు రాయి జరిపింది ఎవరు అని వెతుకుతోంది. దొరికిన ప్రతివాణ్నీ చంపుతోంది, అంటే చాలా చెడ్డ దర్యాప్తు. చివరికి ఆ రాయి జరిపింది ఆమె భర్తే అని ఈ అమ్మాయి కనుక్కుంటుంది. దెయ్యానికి తేలనిది మనిషికి తేలింది. ఈ ఆలోచన ఎంత గొప్పదో చూడండి. చచ్చిపోతే అన్నీ తెలిసిపోతాయని మనం అనుకుంటాం కదా.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. ‘విరూపాక్ష’, 2023, కార్తీక్ దండు సినిమా, సుకుమార్ స్క్రీన్‌ప్లే. దానిలో నేను మెచ్చుకునేది అష్టదిగ్బంధనం. ఊళ్లోకి ఎవరూ రాకూడదు, ఊళ్లోంచి ఎవరూ పోకూడదు. డిటెక్టివ్ నవలల్లో మంచు కురిసి దారులు మూసుకుపోయిన బంగళా ఉంటుంది, హంతకుడు ఈ పదిమందిలోనే ఉన్నాడు అంటారు. ఆ బంగళాని మన నమ్మకంలోంచి, మన మాటతో కట్టారు. అద్భుతం! చావుల వెనకున్నది హీరో ప్రేమించిన అమ్మాయే అనే మలుపు కూడా కథలోంచే వచ్చింది.

కానీ ఆ కథ ఎక్కడ మొదలవుతుంది? చేతబడి చేస్తున్నారని ఊరంతా కలిసి ఒక జంటని సజీవంగా తగలబెట్టడంతో. విచారణ లేదు, అడిగింది లేదు. పన్నెండేళ్ల తర్వాత ఊరు దానికి మూల్యం చెల్లిస్తుంది. ఇంతవరకూ బాగుంది. అయితే సినిమాలో క్షుద్రశక్తి నిజం కదా. నిజమని చూపించాక, ఆ రోజు గుంపు చేసిన పని మీద మన కోపం కాస్త పలచబడుతుంది. పడుతుందా లేదా? చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం ఇప్పటికీ చదువుతున్నాం. చచ్చేవాళ్లు ఎక్కువగా ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, పేదవాళ్లు. అందుకే ఈ రకం సినిమాలో డిటెక్టివ్‌కి మామూలు డిటెక్టివ్ కన్నా బరువైన పని ఉంటుంది. గుంపు అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటుంది. అతను ఆ తీర్పునీ విచారించాలి. ఆ సినిమా తీసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది కాబట్టే అడుగుతున్నాను, హీరో ఊరిని కాపాడతాడు సరే, ఊరిని బోనెక్కించాడా?

సరే, ఇంతవరకూ నేను చెప్పింది వింటే మీకు ఒక సూత్రం తయారై ఉంటుంది. దర్యాప్తు చెయ్యి, నిజం కనుక్కో, ఎముకలకి దహనం చెయ్యి, దెయ్యం శాంతిస్తుంది. అవునా? ఈ సూత్రాన్ని 1998లో ఒక జపాన్ సినిమా విరిచేసింది.

‘రింగు’. హిదియో నకాటా తీశాడు, కోజి సుజుకి 1991 నవల ఆధారం. ఒక వీడియో టేపు చూసినవాళ్లు సరిగ్గా ఏడు రోజులకి చనిపోతారు. ఒక విలేకరి ఆ టేపు చూసేసింది, ఏడు రోజుల గడువులో దర్యాప్తు చేస్తుంది. టేపులో ప్రతి దృశ్యమూ ఒక ఆధారం, ఎంత పద్ధతిగా వెళ్తుందంటే పాఠ్యపుస్తకంలో పెట్టొచ్చు. చివరికి ఒక బావి. సడాకో అనే అమ్మాయిని అందులో తోసేశారు. విలేకరి ఆ బావిలోకి దిగి, బురదలోంచి ఆ పుర్రెని పైకి తీసి గుండెకి హత్తుకుంటుంది. గడువు దాటిపోయింది, ఆమె చనిపోలేదు. అయిపోయింది, న్యాయం జరిగింది. హాల్లో మనం ఊపిరి పీల్చుకుంటాం.

మర్నాడు ఆమె మాజీ భర్త ఒంటరిగా గదిలో పనిచేసుకుంటుంటాడు. టీవీ దానంతటదే వెలుగుతుంది. తెరమీద బావి. తర్వాత ఏం జరుగుతుందో సినిమా చూడనివాళ్లకి కూడా తెలుసు. నన్ను అడిగితే, ఆ జుట్టుకన్నా ఆ నడకకన్నా భయపెట్టేది వేరే. కేసు తేలింది, అయినా ఆగలేదు! మరి విలేకరి ఎందుకు బతికింది? ఆమె మళ్లీ డిటెక్టివ్‌లా ఆలోచిస్తుంది. నేను చేసిందేంటి, ఆయన చెయ్యనిదేంటి? టేపుకి కాపీ తీసి ఇంకొకరికి చూపించాను. అంతే. బావిలోంచి ఎముకలు తీయడానికీ బతకడానికీ సంబంధం లేదు. ఇక ఆమె, టేపు చూసేసిన తన కొడుకుని బతికించుకోవడానికి కారెక్కి తన తండ్రి ఇంటికి బయల్దేరుతుంది. ఎందుకు వెళ్తోందో అర్థమైంది కదా? టేపు చూపించడానికి. సరైన జవాబు దొరికితే మంచి జరుగుతుందని డిటెక్టివ్ కథ మనకి నేర్పింది. ఇక్కడ సరైన జవాబే ఆమెతో పాపం చేయిస్తోంది.

అంతకు ఏడాది ముందు, 1997లో, కియోషి కురోసావా ‘క్యూర్’ తీశాడు. ఈ సాయంత్రం చూసిన ‘రషోమాన్’ దర్శకుడు అకిరా కురోసావాకి బంధువు కాడు, ఇంటిపేరు ఒకటే. అందులో హంతకులు వెంటనే దొరికిపోతారు. నేనే చంపాను అని ఒప్పుకుంటారు కూడా. ఎందుకు చంపారో వాళ్లకే తెలియదు. అందరి శవాల మీదా ఒకే గాటు, ఇంటూ గుర్తు. వీళ్లందరూ కలిసిన ఒక యువకుడు ఉంటాడు, జ్ఞాపకం పోయినవాడు. అతన్ని ప్రశ్నించబోతే అతనే తిరిగి అడుగుతాడు, మీరెవరు అని. డిటెక్టివ్ పేరు చెప్తాడు. మళ్లీ అడుగుతాడు, మీరెవరు? చీకట్లో లైటర్ వెలుగుతుంది, అంతే. ప్రశ్నలు వెయ్యాల్సినవాడు జవాబులు చెప్పే కుర్చీలోకి ఎప్పుడు జారాడో తెలియదు. 1987లో అలాన్ పార్కర్ తీసిన ‘ఏంజెల్ హార్ట్’ ఇంకా కఠినం, తప్పిపోయిన గాయకుణ్ని వెతకడానికి కుదుర్చుకున్న డిటెక్టివ్ వెతుకుతున్నది తననే. కుదుర్చుకున్నవాడు సైతాను. అతను, రాబర్ట్ డి నీరో, ఎదురుగా కూర్చుని ఉడికించిన గుడ్డు పెంకు నెమ్మదిగా వొలుస్తూ, కొన్ని మతాల్లో గుడ్డు ఆత్మకి గుర్తు అంటాడు. తర్వాత దాన్ని కొరుకుతాడు. ఒక్క చుక్క రక్తం లేకుండా ఎంత భయపెట్టొచ్చో అక్కడ చూడాలి.

ఇంక ఒక్క సినిమా చెప్పి మళ్లీ రషోమాన్ గుమ్మం దగ్గరికి వెళ్దాం. ‘ది వెయిలింగ్’, కొరియా, 2016, నా హాంగ్-జిన్. రెండున్నర గంటలు దాటిన సినిమా. ఒక పల్లె పోలీసు. ఊళ్లో ఒంటినిండా దద్దుర్లు లేచి, తమ ఇంటివాళ్లనే చంపుకుంటున్న మనుషులు. కొండమీద ఒక జపాన్ ముసలాయన, ఒక భూతవైద్యుడు, ఒక తెల్లబట్టల ఆడమనిషి. పోలీసు కూతురికీ అది సోకింది.

చివరి రాత్రి వీధిలో ఆ ఆడమనిషి అతని చెయ్యి పట్టుకుని, కోడి మూడుసార్లు కూసేదాకా ఇంటికి పోవద్దు, పోతే నీవాళ్లంతా పోతారు అంటుంది. ఫోన్లో భూతవైద్యుడు, ఆ ఆడదే దెయ్యం, దాని మాట వినొద్దు, ఇంటికి పో అంటాడు. ఇద్దరు సాక్షులు. ఇద్దర్లో ఒకరు అబద్ధం. కోడి ఒకసారి కూస్తుంది. రెండోసారి కూస్తుంది. అతను ఆమెని పరీక్షగా చూస్తాడు. ఆమె ఒంటిమీద ఉన్నవీ దగ్గర పడున్నవీ చనిపోయినవాళ్ల వస్తువులు. మీరైతే ఏమనుకుంటారు? పోలీసు బుర్ర ఏమంటుంది? ఆధారం దొరికింది అంటుంది. హతుల వస్తువులు ఎవరి దగ్గరుంటే వాళ్లే. అతను చెయ్యి విడిపించుకుని పరిగెడతాడు. మూడో కూత ఇంకా పడలేదు.

ఆమె నిజం చెప్పింది. అతను ఆధారాన్ని నమ్మాడు, ఆధారం అతన్ని ముంచింది. ఆ సినిమా చూసినప్పుడల్లా నాకు ఆ మనిషి మీద కోపం రాదు, ఏడుపొస్తుంది. ఎందుకంటే అతని స్థానంలో నేనున్నా అదే చేస్తాను. పద్ధతిగా ఆలోచించేవాళ్లెవరైనా అదే చేస్తారు.

ఇప్పుడు ఆ పూనకం దగ్గరికి. చచ్చిపోయిన సమురాయి ఏం చెప్పాడు? నన్నెవరూ చంపలేదు, అవమానం భరించలేక నా భార్య బాకుతో నేనే పొడుచుకున్నాను అన్నాడు. ఇంకో చిన్నమాట కూడా అన్నాడు, విన్నారా? ప్రాణం పోతున్నప్పుడు ఎవరో మెల్లగా దగ్గరికొచ్చి, గుండెల్లోంచి ఆ బాకు లాగేశారు అన్నాడు. ఇది వినగానే గుడి గుమ్మంలా కనిపించే ఆ శిథిల ద్వారం కింద, వానలో, కట్టెలుకొట్టేవాడు లేచి అరుస్తాడు. అబద్ధం, బాకు కాదు, కత్తితో చంపారు అని. అప్పటిదాకా నేను శవాన్ని మాత్రమే చూశాను అన్నవాడు. ఎందుకంత ఉలిక్కిపడ్డాడు?

చచ్చినవాడు తన గౌరవం కాపాడుకోవడానికి తన చావు గురించి అబద్ధం చెప్పి ఉండొచ్చు. పొడుచుకున్నాడో పొడిచారో మనకి తేలదు. కానీ బాకు మాయమైన మాట నిజం. ముత్యాలు పొదిగిన బాకు, ఖరీదైంది. చివర్లో ఆ ద్వారం కింద వాళ్లతో పాటు ఉన్న మూడో మనిషి కట్టెలుకొట్టేవాణ్ని అడుగుతాడు, మరి ఆ బాకు ఏమైంది అని. జవాబు లేదు. దెయ్యం చెప్పిన సాక్ష్యంలో ఒక్క వాక్యం, బతికున్న బాకు దొంగని, ఆ కట్టెలుకొట్టేవాణ్ని పట్టిచ్చింది. మిగతా వాక్యాలని మాత్రం ఎవరి వాంగ్మూలాన్నైనా తూచినట్టే తూచాలి. చచ్చిపోయాడు కదా అని మినహాయింపు లేదు. 1950లో, ఈ రకం సినిమాకి ఇంకా పేరు కూడా పెట్టని రోజుల్లో, ఆ సినిమా చేసిన పని ఇది.

ప్రశ్నలు తీసుకునే ముందు ఆ పూనకం సీను మళ్లీ ఒకసారి వెయ్యమని అడిగాను, ఐదారు నిమిషాలే. ఇందాక మనందరం ఆ పూనకం వచ్చిన మనిషినే చూశాం, చూడకుండా ఉండలేం. ఈసారి ఆమె వెనక చూడండి. గోడ దగ్గర ఇద్దరు కూర్చుని ఉంటారు, పూజారి ఒకరు, కట్టెలుకొట్టేవాడు ఒకరు. బాకు మాట వచ్చేటప్పుడు ఆ రెండో మనిషి మీదే కళ్లు ఉంచండి. లైట్లు తీసెయ్యండి.